మొక్కై వంగనిది మానై వంగుతుందా? గ్లూక్ దంపతులు, వెయ్యిమంది బోస్టన్ కుర్రాళ్ళు

ఈ పేజీలో మామూలుగా మన వంశం సంగతులు రాసుకుంటాం. ఎప్పుడు తమిళదేశానికి వచ్చాం, ఏ ఊళ్ళో దిగాం, ఎవరు ఎవరి ఇంటికి కోడలిగా వెళ్ళారు, ఇలాంటివి. ఈసారి మనకి ఏ చుట్టరికమూ లేని ఇద్దరి గురించి రాస్తున్నాను. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో నలభై ఏళ్ళకు పైగా కలిసి పనిచేసిన భార్యాభర్తలు వాళ్ళు. పేర్లు షెల్డన్ గ్లూక్, ఎలినార్ గ్లూక్. చేసిన పని నేరశాస్త్రం, అంటే క్రిమినాలజీ. అందులోనూ బాలనేరస్తుల గురించి.

వాళ్ళ గురించి ఇక్కడెందుకంటే రెండు కారణాలు. అటకమీది ట్రంకు పెట్టెల్లో ఉన్న పాత కాగితాలు తీసి చూసినప్పుడల్లా, ఇవన్నీ ఇంకా ఎందుకు పెట్టుకున్నారని అడిగేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉంటారు. గ్లూకుల కథలో అసలు మలుపు తిరిగింది అలాంటి పెట్టెల దగ్గరే. రెండో కారణం, మన పెద్దలు పిల్లల విషయంలో తరచూ వాడే రెండు సామెతలు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనేది ఒకటి. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అనేది ఇంకొకటి. ఇంటో ఒక్క పిల్లవాడు కాస్త దారి తప్పితే చాలు, ఈ రెండిట్లో ఒకటి పడుతుంది. ఈ సామెతలు నిజమా కాదా అని వెయ్యిమంది పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంటబడి చూసినవాళ్ళు లోకంలో బహుకొద్దిమంది. వాళ్ళలో మొదటివరసలో ఉండేవాళ్ళు గ్లూకులే.

షెల్డన్ 1896లో వార్సాలో పుట్టారు. అప్పుడది రష్యా సామ్రాజ్యంలో ఉండేది. 1903లో వాళ్ళ కుటుంబం అమెరికా వచ్చి మిల్వాకీలో స్థిరపడింది. మనలాగే వలస కుటుంబం. ఎలినార్ టూరాఫ్ 1898లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టారు. బార్నార్డ్ కాలేజీలో డిగ్రీ, ఆపైన న్యూయార్క్‌లోనే సోషల్ వర్క్ చదువు. షెల్డన్ అన్నగారు బెర్నార్డ్ గ్లూక్ మానసిక వైద్యుడు, సింగ్‌సింగ్ జైల్లో ఖైదీలను పరీక్షించి పేరు తెచ్చుకున్నవారు. తమ్ముడికి ఎలినార్‌ని పరిచయం చేసింది ఆయనే. 1922లో పెళ్ళయింది. హార్వర్డ్‌లో షెల్డన్ 1924లో పీహెచ్‌డీ తీసుకుంటే, ఆ మరుసటి ఏడాది ఎలినార్ విద్యాశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. ఆడవాళ్ళకి హార్వర్డ్ పేరుతో డిగ్రీ ఇచ్చే విభాగం అప్పట్లో అదొక్కటే కాబట్టి, ఆవిడ ఆ తలుపు గుండానే లోపలికి వెళ్ళాల్సి వచ్చింది.

ఇద్దరికీ మొదటినుంచీ ఒకటే ప్రశ్న. జైలుకో దిద్దుబాటు బడికో వెళ్ళొచ్చినవాడు తర్వాత ఏమయ్యాడు? ఆ రోజుల్లో జైళ్ళవాళ్ళు తమ దగ్గరనుంచి వెళ్ళినవాళ్ళలో ఇంతమంది బాగుపడ్డారని నివేదికల్లో గొప్పగా రాసుకునేవాళ్ళు. ఎవరూ వెళ్ళి చూసింది లేదు. గ్లూకులు చూశారు. మసాచుసెట్స్ రిఫార్మేటరీనుంచి విడుదలైన 510 మంది యువకుల ఆచూకీ కనిపెట్టి, 1930లో ఒక పుస్తకం వేశారు. వాళ్ళలో దాదాపు 80 శాతం మళ్ళీ నేరాలవైపే వెళ్ళారని తేలింది. తర్వాత బోస్టన్ బాలల కోర్టునుంచి అక్కడి పేరుపొందిన క్లినిక్కుకి పంపిన వెయ్యిమంది అబ్బాయిల్ని చూశారు. 1934లో వచ్చిన ఆ పుస్తకం ప్రకారం, ఐదేళ్ళలోపు మళ్ళీ తప్పు చేసినవాళ్ళు 88 శాతం. అదే ఏడాది దిద్దుబాటు కేంద్రంలో ఉన్న 500 మంది ఆడవాళ్ళ గురించి కూడా ఒక పుస్తకం వచ్చింది. ఆ క్లినిక్కును నడిపినవాళ్ళకీ, కోర్టులో పనిచేసేవాళ్ళకీ ఈ 88 శాతం అస్సలు మింగుడుపడలేదు. బాలల కోర్టు అంటే అప్పుడు అమెరికాకే కొత్త గర్వం. పిల్లల్ని శిక్షించడం కాదు, వైద్యుడు రోగిని చూసినట్టు చూస్తాం అని వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆ వైద్యం పనిచేయడంలేదని అంకెలతో చెప్పేసరికి గొడవైంది.

ఆ కాలంలో మన వైపు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. పిల్లల నేరాలకి వేరే చట్టం, వేరే కోర్టు ఉండాలని భారతదేశంలో మొట్టమొదట చట్టం చేసింది మన చెన్నపట్నమే. 1920 నాటి మద్రాసు బాలల చట్టం అది. బెంగాల్ 1922లో, బొంబాయి 1924లో దాన్ని అనుసరించాయి. చెంగల్పట్టులో రిఫార్మేటరీ స్కూలు అంతకు ముందే ఉంది. మద్రాసు రాజధాని అంటే గంజాం మొదలు తిరునెల్వేలి దాకా కదా, తెలుగు జిల్లాల పిల్లల్ని కూడా అక్కడికే పంపేవాళ్ళు. మా అవ్వ కాలంలో అల్లరి పిల్లల్ని ‘చెంగల్పట్టుకి పంపించేస్తా’ అని బెదిరించడం మామూలే. ఆ ఊరికి అంతకంటే మంచి గుర్తులు ఎన్నో ఉన్నా, పిల్లలకి మాత్రం ఆ పేరు వింటే వణుకు.

ఇక గ్లూకుల పెద్ద పని దగ్గరికి వద్దాం. 1939, 40 ప్రాంతంలో మొదలుపెట్టి పదేళ్ళు పట్టిన పని అది. అంతకు ముందు చేసిన పరిశోధనల్లో ఒక లోపం వాళ్ళకే కనిపించింది. నేరం చేసినవాళ్ళనే చూస్తున్నాం, అలాంటి వీధిలోనే పెరిగి నేరం చేయనివాడు ఎలా ఉన్నాడో చూడలేదు. ఉదాహరణకి, దిద్దుబాటు బడిలో ఉన్న పిల్లల్లో సగంమంది తండ్రులు తాగుబోతులు అని తేలిందనుకోండి. అదే పేటలో బుద్ధిగా బడికి పోయే పిల్లల తండ్రుల్లో కూడా సగంమంది తాగుబోతులే అయితే, తాగుడికీ నేరానికీ సంబంధం ఏం తేలినట్టు?

అందుకని ఈసారి జంటలు కట్టారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో అబ్బాయిల దిద్దుబాటు బడులు రెండు ఉండేవి, లైమన్ స్కూలు ఒకటి, షర్లీలో ఉన్న ఇండస్ట్రియల్ స్కూలు ఇంకొకటి. వాటినుంచి 500 మందిని తీసుకున్నారు. 10 నుంచి 17 ఏళ్ళ మధ్యవాళ్ళు. తర్వాత ఒక్కొక్కడికీ బోస్టన్ ప్రభుత్వ బడుల్లోంచి ఒక జోడీని వెతికారు. వయసు అదే ఉండాలి. తెలివితేటల పరీక్షలో మార్కులు దగ్గరగా ఉండాలి. తాత ముత్తాతల దేశం ఒకటే కావాలి, ఇటలీవాడికి ఇటలీవాడు, ఐర్లండువాడికి ఐర్లండువాడు. ఉండే పేట కూడా అలాంటి పేదల పేటే అయ్యుండాలి. ఒక్క తేడా, ఈ రెండోవాడిమీద పోలీసు రికార్డు ఉండకూడదు. ఇలా 500 జతలు. ఒక్కొక్క జతకోసం ఎన్ని బడులు తిరగాలో, ఎన్ని రిజిస్టర్లు తిప్పాలో ఊహించండి. కంప్యూటరు లేని రోజులు.

ఆపైన ఒక్కొక్క అబ్బాయి గురించి సమాచారం సేకరించారు. డాక్టరు ఒంటిని పరీక్షించాడు. మానసిక వైద్యుడు కూర్చోబెట్టి మాట్లాడాడు. సిరామరకలు చూపించి ఏం కనబడుతోందని అడిగే రోర్షాక్ పరీక్ష పెట్టారు. ఎలినార్ తర్ఫీదు పొందిన సోషల్ వర్కర్ కదా, ఆవిడ పద్ధతిలో ఇంటింటికీ మనుషులు వెళ్ళారు. ఇల్లు ఎలా ఉంది, ఎవరెవరు ఎక్కడ పడుకుంటారు, తల్లి పగలంతా ఇంట్లో ఉంటుందా, తండ్రి కొడతాడా, కొడితే ఎందుకు కొడతాడు, అన్నం అందరూ కలిసి తింటారా. బడిలో టీచర్ని అడిగారు. నగరంలో పేదలకి సాయం చేసే సంస్థల దగ్గర ఆ కుటుంబం గురించి ఉన్న పాత ఫైళ్ళు తీశారు. తల్లి చెప్పింది ఒకటి, టీచరు చెప్పింది ఇంకొకటి, పోలీసు కాగితం చెప్పింది మరొకటి అయితే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఈ ఓపిక నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. మన కరణాలు పొలం సరిహద్దు తగువులో నలుగురిని అడిగి, పాత దస్తావేజు చూసి, అప్పుడు గొలుసు పట్టుకుని కొలిచేవాళ్ళు. ఆ తరహా పని ఇది.

1950లో ఆ పుస్తకం వచ్చింది. ఇంగ్లీషులో దాని పేరు ‘అన్‌రావెలింగ్ జువెనైల్ డెలిన్‌క్వెన్సీ’. బాలనేరం అనే చిక్కుముడిని విప్పడం అని చెప్పుకోవచ్చు. ముఖ్యంగా తేలింది ఇంటి సంగతి. తల్లి పిల్లవాడిని కనిపెట్టుకుని ఉండటం, తండ్రి క్రమశిక్షణ ఒకే తీరుగా ఉండటం, ఇద్దరి ప్రేమా, ఇల్లంతా ఒకటిగా ఉండటం. ఈ ఐదు విషయాల్లో రెండు గుంపులకీ బాగా తేడా కనిపించింది. ఒకే తీరుగా అన్నమాట గమనించండి. ఒకరోజు చితకబాది, మర్నాడు అదే తప్పుకి నవ్వి ఊరుకునే ఇళ్ళల్లోనే పిల్లలు ఎక్కువగా దారి తప్పారు.

దీంతో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఒళ్ళు తీరు గురించి కూడా లెక్క కట్టారు. కండపుష్టి గల దేహం ఉన్నవాళ్ళు నేరస్తుల్లో 60 శాతం, మిగిలినవాళ్ళలో 31 శాతం అని తేల్చి, దానిమీద 1956లో విడిగా ఒక పుస్తకమే వేశారు. సామాజిక శాస్త్రవేత్తలు మండిపడ్డారు. నేరం అనేది నేర్చుకునే విద్య, తోటివాళ్ళ దగ్గర అబ్బుతుంది అని చెప్పిన ఎడ్విన్ సదర్లాండ్‌కీ వీళ్ళకీ అంతకుముందునుంచే పడదు. 1950లో సదర్లాండ్ పోయారు గానీ ఆయన శిష్యులు అమెరికా విశ్వవిద్యాలయాల్లో నేరశాస్త్రాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. న్యాయ కళాశాలలో కూర్చుని, వైద్యం, మానసికశాస్త్రం, ఇల్లు, బడి అన్నీ కలిపి చూసే గ్లూకులు ఏ శాఖకీ చెందకుండా పోయారు. శిష్యుల్ని తయారుచేసుకోలేదు కూడా. విద్యారంగంలో శిష్యులు లేని గురువు పేరు ఎంతకాలం నిలుస్తుందో మనకి తెలిసిందే.

అసలు తగాదా మాత్రం పట్టికల దగ్గర వచ్చింది. ఆ ఐదు ఇంటి విషయాలకీ మార్కులు వేసి, పిల్లవాడు బడిలో చేరే వయసులోనే, అంటే సుమారు ఆరేళ్ళకే, వీడు ముందు ముందు నేరస్తుడవుతాడా లేదా చెప్పవచ్చని గ్లూకులు ఒక పట్టిక తయారుచేశారు. జబ్బు రాకముందే టీకా వేసినట్టు, ముందే తెలిస్తే సాయం చేయొచ్చన్నది వాళ్ళ ఉద్దేశం. చెడ్డ ఉద్దేశమేం కాదు. న్యూయార్క్ నగర యువజన బోర్డువాళ్ళు 1950లలో దాన్ని ఒకటో తరగతి అబ్బాయిల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. అక్కడ తండ్రి లేని ఇళ్ళు చాలా ఎదురయ్యాయి. తండ్రి ప్రేమకి మార్కులెలా వేస్తారు? ఐదు విషయాల పట్టికను మూడుకి కుదించాల్సి వచ్చింది.

ఆల్బర్ట్ రైస్ అనే సామాజిక శాస్త్రవేత్త అప్పటికే, 1951లోనే, ఇంకో పెద్ద లోపం చూపించాడు. గ్లూకుల లెక్కలో నేరస్తులు సగం, కానివాళ్ళు సగం. నిజమైన వీధిలో అలా ఉండదు కదా. ఊరికే లెక్క కోసం అనుకోండి, వెయ్యిమంది పిల్లల్లో వందమంది తర్వాత దారి తప్పుతారు. పట్టిక పదింటికి తొమ్మిదిసార్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. ఆ వందమందిలో 90 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 900 మంది మంచి పిల్లల్లో కూడా పదింట ఒకటి తప్పుతుంది, అంటే ఇంకో 90 మంది మీద ముద్ర పడుతుంది. మొత్తం 180 మందిని ‘కాబోయే నేరస్తులు’ అంటే, అందులో సగంమంది ఏ పాపమూ ఎరుగనివాళ్ళు. ఆ ముద్ర టీచరుకి తెలిస్తే? పక్కింటివాళ్ళకి తెలిస్తే?

ఆ ప్రశ్నకి జవాబు కోసం తెలుగువాళ్ళు బోస్టన్ దాకా పోనక్కరలేదు. 1871 నాటి నేరస్త జాతుల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఒక మనిషి ఏం చేశాడన్నది కాకుండా ఏ కులంలో పుట్టాడన్నది చూసి నేరస్తుడిగా నమోదు చేసే చట్టం అది. ఎరుకలవాళ్ళని బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో, నెల్లూరు వైపు కావలిలో పెట్టి కాపలా కాశారు. స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ, కావలిని అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపాయి. సర్కారు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టూవర్టు పేరే ఆ ఊరికి పెట్టారు. ఆ చట్టంలో 17వ సెక్షన్ అని ఒకటుంది. ఆరేళ్ళు దాటిన పిల్లల్ని తల్లిదండ్రులనుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం సర్కారుకి ఇచ్చింది. అక్కడా ఆరేళ్ళే. గ్లూకులకీ ఈ చట్టానికీ ఏ సంబంధమూ లేదు, వాళ్ళు కులాన్నీ పుట్టుకనీ చూసి తీర్పు చెప్పలేదు, పైగా ఇంటి తీరు మారిస్తే పిల్లవాడు మారతాడనే నమ్మారు. అయినా ఆరేళ్ళ పసివాడి భవిష్యత్తు కాగితం మీద రాసిపెడితే అది ఏమవుతుందో మన జిల్లాల్లో అప్పటికే తెలుసు. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో. స్టూవర్టుపురం పేరుకి అంటిన మచ్చ మాత్రం సినిమాల పుణ్యమా అని ఇంకా చాలాకాలం ఉండిపోయింది.

ఇక ఎలినార్ గారి సంగతి. ప్రతి పుస్తకం అట్టమీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. షెల్డన్ హార్వర్డ్ న్యాయ కళాశాలలో ప్రొఫెసరు, 1950లో రాస్కో పౌండ్ పీఠం కూడా వచ్చింది. యుద్ధనేరాల విచారణ మీద ఆయన రాసిన పుస్తకం న్యూరెంబర్గ్ రోజుల్లో పనికొచ్చింది. ఎలినార్ 1930నుంచి 1953 దాకా రిసెర్చి అసిస్టెంటు. అంటే సహాయకురాలు! తర్వాత రిసెర్చి అసోసియేటు అన్నారు. ఒక్కరోజు కూడా ప్రొఫెసరు కాలేదు. ఆ న్యాయ కళాశాల ఆడపిల్లల్ని విద్యార్థులుగా చేర్చుకోవడమే 1950లో మొదలుపెట్టింది, సరిగ్గా వాళ్ళ పెద్ద పుస్తకం వచ్చిన ఏడాది. పనివాళ్ళని పెట్టుకోవడం, ఇంటింటి విచారణ, ఫైళ్ళు ఒక క్రమంలో పెట్టడం, డబ్బు సర్దుబాటు, ఇవన్నీ చూసుకున్నది ఎక్కువగా ఆవిడే. ఈ మాట చదివేటప్పుడు మన వంశవృక్షాల్లో ఆడవాళ్ళ పేర్లు రాయవలసిన చోట ‘భార్య’ అని మాత్రమే రాసిన గళ్ళు నాకు గుర్తొచ్చాయి.

ఇంకో పదిహేనేళ్ళు వాళ్ళు ఆ వెయ్యిమందినీ వదలలేదు. పాతికేళ్ళప్పుడు ఒకసారి, ముప్పై రెండేళ్ళప్పుడు ఇంకోసారి మళ్ళీ కనుక్కున్నారు. కొందరు సైన్యంలో ఉన్నారు, కొందరు వేరే రాష్ట్రాలకి పోయారు, కొందరు పేరు మార్చుకున్నారు. అయినా దిద్దుబాటు బడి కుర్రాళ్ళలో 438 మంది, రెండో గుంపులో 442 మంది మూడుసార్లూ దొరికారు. సెల్‌ఫోను కాదు, ఇంట్లో మామూలు ఫోను కూడా అందరికీ లేని కాలంలో! వాళ్ళు 1968లో ఒక పుస్తకం వేశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1972లో ఎలినార్ పోయారు. 1980లో షెల్డన్ పోయారు. వాళ్ళకున్న ఒక్క కూతురు అంతకు చాలా ముందే పోయింది.

కాగితాలన్నీ న్యాయ కళాశాల లైబ్రరీకి చేరాయి. లైబ్రరీలో అంటే నేలమాళిగలో, దానికింకా కింద అంతస్తులో. సుమారు అరవై అట్టపెట్టెలు. దుమ్ము పట్టి ఉన్నాయి. 1980ల నడుమ జాన్ లాబ్ అనే యువ నేరశాస్త్రవేత్త వాటిని చూశాడు. రాబర్ట్ శాంప్సన్ అనే స్నేహితుడిని కలుపుకున్నాడు. తెరిచి చూస్తే ఒక్కొక్క కుర్రాడి జీవితం మొత్తం చేతిరాతలో, టైపు కాగితాల్లో, పాతకాలపు పంచ్ కార్డుల్లో ఉంది. తల్లి చెప్పిన మాట, టీచరు చెప్పిన మాట, కోర్టు చీటీ, పెళ్ళి, ఉద్యోగం, మళ్ళీ అరెస్టు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, సరిచూసుకుని, కొత్త గణిత పద్ధతులతో లెక్క కట్టడానికి వాళ్ళకి ఏళ్ళు పట్టింది. 1993లో ‘క్రైమ్ ఇన్ ది మేకింగ్’ అనే పుస్తకంగా వచ్చింది.

అందులో తేలింది ఏమంటే, గ్లూకులు సగం సరిగ్గా చెప్పారు. చిన్నతనంలో ఇంటి పట్టు నిజంగానే ముఖ్యం. పేదరికం పిల్లవాడిని పాడుచేసేది చాలావరకు ఇంటిని చెదరగొట్టడం ద్వారానే. కూలి పనికి పగలంతా పోయే తల్లి కొడుకుని ఎలా కనిపెట్టుకుంటుంది? పనిలేక తాగే తండ్రి క్రమశిక్షణ ఏపాటిది? బడిమీద మమకారం కూడా లెక్కలోకి వచ్చింది. ఇక్కడిదాకా సామెత నిలిచింది. ఆపైన తేలింది మాత్రం గ్లూకులు చెప్పనిది. అదే గుంపులో, అవే మార్కులు పడ్డ కుర్రాళ్ళు పెద్దయ్యాక వేర్వేరు దారుల్లో పోయారు. నిలకడగా ఉద్యోగం దొరికినవాడు, భార్యతో మంచి బంధం కుదిరినవాడు నేరాలు మానేశాడు. సైన్యంలో చేరడం కొందరికి మలుపయింది. బాల్యం ఎలా గడిచినా సరే, ఈ బంధాల ప్రభావం లెక్కలో విడిగా కనిపించింది. అంటే మానై కూడా వంగింది!

ఒక చిన్న మాట. పెళ్ళి చేస్తే వాడే బాగుపడతాడులే అని మనవాళ్ళు అంటూ ఉంటారు. ఈ పరిశోధన దానికి సాక్ష్యం అనుకుని ఎవరూ సంబరపడకండి. పెళ్ళి అయితే చాలని వాళ్ళు చెప్పలేదు, పెళ్ళిలో బంధం ఎలా ఉందన్నది చూశారు. ఆ బంధంకోసం భార్య పడ్డ పాట్లు ఎవరూ లెక్క కట్టలేదు, అది వేరే పుస్తకం కావాలి. బాగుపడని మొగుడిని భరించినవాళ్ళు మన చుట్టాల్లో కూడా ఉన్నారు, పేర్లు వద్దు.

లాబ్, శాంప్సన్ అక్కడితో ఆగలేదు. ఆ కుర్రాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు అయ్యుంటారు కదా, వెళ్ళి చూద్దాం అనుకున్నారు. దిద్దుబాటు బడికి వెళ్ళిన ఆ 500 మంది గురించి డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా పోలీసు రికార్డులూ మరణ రికార్డులూ వెతికి, 52 మందిని కలిసి కూర్చుని మాట్లాడారు. ఈ మాటలతో 2003లో రెండో పుస్తకం వచ్చింది. కొందరు జీవితమంతా జైళ్ళల్లోకీ బయటకీ తిరిగారు. కొందరు నలభైలలో ఆగిపోయారు. ఎవరు ఆగుతారో, ఎప్పుడు ఆగుతారో చిన్నప్పటి ఫైలు చూసి చెప్పగలమా అని ఎన్నిరకాలుగా లెక్క కట్టినా కుదరలేదు. ఎంత చెడ్డ బాల్యం ఉన్న గుంపు తీసుకున్నా, వయసు పెరిగేకొద్దీ నేరాలు తగ్గాయి. ఆరేళ్ళకే పట్టికలో భవిష్యత్తు కనబడుతుందన్న మాటని, ఆ పట్టిక వేసినవాళ్ళు దాచిన కాగితాలే కొట్టేశాయి. తర్వాత 2006లో వేసిన లెక్కలో, అదే మనిషి పెళ్ళి బంధంలో ఉన్న కాలంలో నేరం చేసే అవకాశం సుమారు 35 శాతం తక్కువని తేలింది. 2011లో ఇద్దరికీ నేరశాస్త్రంలో ఇచ్చే స్టాక్‌హోమ్ బహుమతి దక్కింది.

లోపాలు లేవని కాదు. వెయ్యిమందీ అబ్బాయిలే, అందరూ తెల్లవాళ్ళే. యుద్ధం తర్వాత అమెరికాలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు ఇబ్బడిముబ్బడిగా దొరికిన తరం అది, చదువు లేనివాడికి కూడా పని దొరికేది. ఈనాటి పిల్లవాడికి అలాంటి మలుపు ఎక్కడనుంచి వస్తుందో ఆ పెట్టెలు చెప్పలేవు. మన చెన్నై మురికివాడల పిల్లవాడికి అస్సలు చెప్పలేవు.

రెండో గుంపు ఏమయిందని మీరు అడగొచ్చు. ఏ కేసూ లేని ఆ 500 మందిలో 456 మందిని జార్జి వేలంట్ అనే మానసిక వైద్యుడు తన పరిశోధనలో కలుపుకున్నారు. మనిషికి సుఖం దేనివల్ల కలుగుతుందని హార్వర్డ్‌లో ఎనభై ఏళ్ళకు పైగా నడుస్తున్న పరిశోధన గురించి మీలో చాలామంది వాట్సాప్‌లో వీడియో చూసే ఉంటారు, రాబర్ట్ వాల్డింగర్ మాట్లాడినది. అందులో బోస్టన్ పేద పేటల్లో పెరిగిన కుర్రాళ్ళు అని ఆయన చెప్పేది వీళ్ళ గురించే. 1940లలో ఎలినార్ పంపిన మనుషులు వంటింట్లోకి తొంగిచూసి రాసుకున్న పిల్లలే, తొంభై ఏళ్ళ వయసులో కూడా ప్రశ్నలకి జవాబులు చెబుతూ వచ్చారు. గ్లూకుల పేరు ఆ వీడియోలో వినబడదు.

లాబ్, శాంప్సన్ పని చేసేనాటికి ఆ అరవై పెట్టెల్నీ న్యాయ కళాశాల నేలమాళిగనుంచి తీసి ర్యాడ్‌క్లిఫ్ కాలేజీలోని ముర్రే పరిశోధన కేంద్రంలో పెట్టారు. మనుషుల జీవితాల్ని ఏళ్ళ తరబడి చూసిన పరిశోధనల కాగితాలు భద్రపరిచే చోటు అది. ర్యాడ్‌క్లిఫ్ అంటే హార్వర్డ్ పక్కనే, ఆడపిల్లల కోసం కట్టిన కాలేజీ.